ముందు అబ్బాయికి చేయించండి

కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు నల్లరేగడి పల్లెల్లో ఇంట్లో తెలుగే మాట్లాడుకునే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. తమిళ రచయిత కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవల మన వాళ్ల కథే. అక్క కూతుర్ని చేసుకోవడం, మేనత్త కొడుక్కి ఇవ్వడం మనకు పాత అలవాటు. మేనరికం మానమని నేననను. ముహూర్తం పెట్టుకునే ముందు తలసీమియా పరీక్ష ఒకటి చేయించండి, అదీ ముందు అబ్బాయికి.

తలసీమియా అంటే రక్తంలో వంశపారంపర్యంగా వచ్చే లోపం. అది తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే ఆ మనిషి వాహకుడు. ఏ బాధా ఉండదు కాబట్టి తనకే తెలియదు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. దేశంలో వాహకులు నూటికి ముగ్గురు నలుగురని అంచనా. అదే మేనమామ వాహకుడైతే, అక్క కూతురికీ ఆ లోపం ఉండే అవకాశం నూటికి 25 పాళ్లు.

అలాంటి బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ పాలిపోతుంది. ఇక రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. ఎక్కించిన ప్రతి యూనిట్‌తోనూ 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరి గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని తీసే మందులు జీవితాంతం వాడాలి. రక్తం ఎక్కించడంలో ఇంకో భయం కూడా ఉంది. విరుదునగర్ జిల్లా సాత్తూరు ప్రభుత్వాసుపత్రిలో 2018 డిసెంబరులో ఒక గర్భిణికి హెచ్‌ఐవీ ఉన్న రక్తం ఎక్కించారు. ఆమె రక్తం ఎక్కించుకున్నది రక్తహీనతకని. తలసీమియా బిడ్డలకైతే వందల యూనిట్లు కావాలి! ఎముక మజ్జ మార్పిడితో నయమవుతుంది, మన దేశంలో తలసీమియాకు అది మొదట చేసింది వేలూరు సీఎంసీ ఆసుపత్రిలోనే, 1986లో. కానీ సరిపడే దాత దొరకాలి, డబ్బు సమకూరాలి.

అబ్బాయికే ముందు ఎందుకంటే, అమ్మాయి రక్తంలో ఏదో ఉందన్న మాట బయటికి పొక్కితే ఆ పిల్లకు మళ్లీ సంబంధం రావడం కష్టం. అబ్బాయికి ఏమీ లేదని తేలితే అమ్మాయి సూది పొడిపించుకునే పనే ఉండదు.

సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టులో ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) 80కి బాగా తగ్గి, ఎర్రకణాలు మాత్రం 50 లక్షలు దాటితే అనుమానించాలి. రక్తం తక్కువని నెలల తరబడి ఐరన్ మాత్రలు మింగినా ఎంసీవీ కదలదు. ల్యాబులో ‘హెచ్‌బీ ఏ2’ చూడమనండి. 3.5 శాతం దాటితే సాధారణంగా వాహకులే. అప్పుడు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా చేయించుకోవాలి.

ఇప్పటికే నెల తప్పిన వాళ్లు మొదటి చెకప్‌లోనే అడగండి. దంపతులిద్దరూ వాహకులని తేలితే 11వ వారం దాటాక మాయ నుంచి చిన్న ముక్క తీసి, కడుపులో బిడ్డకు జబ్బు ఉందో లేదో చెప్పగలరు.