యాస లోపం కాదు



నలుగురిలో నోరు విప్పవలసి వచ్చినప్పుడు ‘నా యాస విని నవ్వుతారేమో’ అని మీరు ఎప్పుడైనా వెనుకాడారా? అలా అయితే గ్రేటా గార్బో జీవితం మీరు తెలుసుకోదగినది.

గార్బో 1905లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఒక పేద కుటుంబంలో పుట్టింది. పదమూడేళ్ళకే చదువు ఆగిపోయింది. క్షౌరశాలలో గడ్డాలకు సబ్బు నురుగు పూసే పని చేసింది. తరువాత ఒక పెద్ద దుకాణంలో ఉద్యోగానికి కుదిరింది. 1922లో నాటక శిక్షణ పాఠశాలలో చేరి నటన నేర్చుకుంది. 1925లో అమెరికా చేరేనాటికి ఆమెకు వచ్చిన ఇంగ్లీషు చాలా తక్కువ. అవి మూకీ చిత్రాల రోజులు కాబట్టి అది పెద్ద అడ్డంకి కాలేదు.

1927 తరువాత టాకీలు వచ్చాయి. యాస ఉన్న విదేశీ నటులకు కష్టకాలం మొదలైంది. ఉత్తమ నటుడిగా మొట్టమొదటి ఆస్కార్ అందుకున్న ఎమిల్ యానింగ్స్ అంతటివాడు కూడా 1929లో జర్మనీకి తిరిగి వెళ్ళిపోయాడు. గార్బో విషయంలో ఎం.జి.ఎం. సంస్థ తొందరపడలేదు. 1930లో యూజీన్ ఓనీల్ నాటకం ఆధారంగా ‘అన్నా క్రిస్టీ’ తీసింది. అందులో నాయిక ఒక స్వీడన్ నావికుని కూతురు. గార్బో యాస ఆ పాత్రకు చక్కగా అమరింది. ‘గార్బో మాట్లాడుతుంది!’ అన్నదే ఆ చిత్రానికి ప్రకటన అయింది. అదే యాసతో ఆమె ‘క్వీన్ క్రిస్టినా’ (1933)లో స్వీడన్ రాణిగా, ‘కమీల్’ (1936)లో పారిస్ వనితగా, ‘నినోచ్కా’ (1939)లో రష్యా అధికారిణిగా మెప్పించింది.

‘ఆమె పెద్ద తార. ఆమె కోసం పాత్రను వెతికారు. మనకోసం ఎవరు వెతుకుతారు?’ అని మీరు అడగవచ్చు. ఈ ప్రశ్న న్యాయమైనదే. మన సినిమాల్లోనే తెలంగాణ, రాయలసీమ యాసలను చాలాకాలం హాస్యగాళ్ళకో, ప్రతినాయకులకో అంటగట్టారు. కాబట్టి మారవలసింది మాట్లాడేవారు మాత్రమే కాదు, వినేవారు కూడా.

అయితే ఒక తేడా గమనించండి. యాస వేరు, భాష రాకపోవడం వేరు. గార్బో ఇంగ్లీషు నేర్చుకుంది, యాసను మాత్రం దాచుకోలేదు. మీరూ రాతలో అందరికీ తెలిసే భాషను శ్రద్ధగా నేర్చుకోండి. అర్జీకి, పరీక్షకు, ఉద్యోగానికి అది అవసరం. కాని ఇంటి నుంచి వచ్చిన మాటను తప్పుగా భావించి మౌనంగా ఉండిపోకండి. యాస మనం పెరిగిన ఊరి గుర్తు. దానిని చెరిపివేయడం చదువు చేయవలసిన పని కాదని నా అభిప్రాయం.

ఆలోచించండి: మీ ప్రాంతంలో మాత్రమే వినిపించే ఐదు మాటలు రాయండి. వాటిని పుస్తక భాషలో ఏమంటారో పక్కన రాయండి. రెండూ మీవే.