తూకం రాళ్ళు ఎవరి చేతిలో?

1991లో భారతదేశం సుమారు 47 టన్నుల బంగారం విదేశాల్లో కుదువ పెట్టిన సంగతి మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ అప్పు తీరింది గాని, అంతర్జాతీయ ద్రవ్యనిధిలో మన మాతృదేశం మాటకు విలువ పెద్దగా పెరగలేదు. అక్కడ ముఖ్యమైన మార్పు ఏది చెయ్యాలన్నా నూటికి 85 ఓట్లు పడాలి. ఒక్క అమెరికాకే 16కు పైగా ఉన్నాయి, అంటే అమెరికా కాదంటే కాదన్నమాటే. భారతదేశానికి మూడు కూడా లేవు. 2010లో కుదిరిన సవరణకు అమెరికన్ కాంగ్రెస్ ఆమోదం 2015 డిసెంబరు దాకా దొరకలేదు! 2023లో కోటాలు సగం మేర పెంచుదామన్నారు, వాటాలు మాత్రం ఉన్నవి ఉన్నట్లే.

ఆ కాంగ్రెస్ సభ్యులను ఎన్నుకునేది (మన సభలకు పిలిచి శాలువాలు కప్పేది కూడా) మనమే. వీసాల గురించి వారికి ఉత్తరాలు రాసేటప్పుడు ఈ ఓట్ల సంగతి కూడా ఒక పేరా రాయండి.