సొమ్ములూ – సొమ్మూ

కళింగాంధ్ర పల్లెల్లో పశువులను ‘సొమ్ములు’ అంటారు. సొమ్ములు తోలుకువెళ్ళాడంటే గొడ్లను మేతకు తీసుకువెళ్ళాడని అర్థం. డబ్బు మూట కట్టుకుని పోయాడని కాదు. ఇంగ్లీషువాడిదీ ఇదే వరస. పశువులకు వాడు పెట్టుకున్న ‘కాటిల్’ అనే పేరూ, పెట్టుబడికి పెట్టుకున్న ‘కాపిటల్’ అనే పేరూ ఒకే లాటిన్ మాటకు పుట్టిన బిడ్డలు. మరి పశువు పోయినప్పుడు దాని వెల చేతిలో పెడితే లెక్క సరిపోతుందా? ఈ ప్రశ్న 2001లో ఇంగ్లండులోని కంబ్రియా కౌంటీకి నిజంగానే ఎదురయింది. కౌంటీ అంటే మన జిల్లా వంటిదనుకోండి.

ఆ ఏడు ఫిబ్రవరిలో బ్రిటనులో గాలికుంటు బయటపడింది. మన రైతుకు తెలియని జబ్బు కాదది. నోరు పుళ్ళు పడుతుంది, గిట్టలు చెడతాయి, పాలు తగ్గుతాయి. ఎదిగిన పశువు సాధారణంగా తేరుకుంటుంది. కాని పైదేశాలతో మాంసం వ్యాపారం వున్న దేశం గనక, జబ్బు ఆనవాలే మిగలకూడదని సర్కారు రోగం సోకిన మందలనూ, చుట్టుపక్కల మందలనూ కూడా చంపించింది. సెప్టెంబరు ఆఖరుకు రోగం ఆగేసరికి 60 లక్షలకు పైగా పశువులు పోయాయి. రోగం సోకిన 2,026 చోట్లలో 893 ఒక్క కంబ్రియాలోనే.

సర్కారు డబ్బు ఇవ్వలేదా అంటే, ఇచ్చింది. 100 కోట్ల పౌండ్లకు పైగా పంచింది. బేరాలతో జాగు కాకూడదని తలకింత అని రేటు కట్టింది. కొందరికి సంత ధరకంటె ఎక్కువే ముట్టింది.

అయితే అది చంపిన పశువుకే. రోగం రాని మంద వున్న రైతు సంగతి చూడండి. సంతలు మూతపడ్డాయి. పశువులను కదిలించడానికి వీల్లేదు. వున్నచోట గడ్డి అయిపోయింది. అవతల పొలంలో గడ్డి వున్నా అక్కడికి తోలరాదు. ఈ నష్టానికి పరిహారం లేదు. ఆ బాధ చూడలేక సర్కారు పెట్టిన మరో పథకం ఏమిటయ్యా అంటే, అలమటిస్తున్న పశువును వధకు అప్పగిస్తే దానికీ డబ్బు ఇస్తామని! చంపుకుంటే పైకం, బతికించుకుంటే అప్పు.

ఇక కొండగొర్రెల మాట. కంబ్రియా కొండలమీద హెర్డ్‌విక్ అనే జాతి వుంది. అక్కడ పైకొండలకు కంచెలుండవు. తమ మంద మేర ఎంతవరకో పిల్ల తల్లి వెంట తిరిగి నేర్చుకుంటుంది. రేపు తన పిల్లకు నేర్పుతుంది. చలికాలం మేతకు పల్లానికి పంపిన పడుచు గొర్రెలు ఎన్నో ఆ ఏడు అక్కడే వధ అయిపోయాయి. పరిహారం పుచ్చుకుని సంతలో గొర్రెను కొనవచ్చు. ఆ గొర్రెకు కొండ తెలియదు. కొన్నిచోట్ల తాత్కాలికంగా కంచెలు వేసి, కాపలా కాసి, కొత్త మందకు హద్దులు అలవాటు చేయవలసివచ్చింది.

తుపానులూ కరువులూ మనకూ కొత్త కాదు. చచ్చిన గొడ్లను లెక్కపెట్టి తలకింత అని ఇచ్చే సాయం మన దగ్గరా వున్నదే, వుండవలసిందే. నా మనవి ఒక్కటే. కష్టకాలంలో ఇంకా ప్రాణంతో నిలబడివున్న గొడ్డుకు మోపెడు గడ్డి అందించడం ఆ లెక్కల్లో ముందు రావాలి. సొమ్ము పోయాక ఇచ్చే సొమ్ముకంటె, సొమ్ము నిలబడేందుకు ఇచ్చే సొమ్ము రైతుకు ఎక్కువ అక్కరకు వస్తుంది.