వేరే దారి ఉందిగా, అటు పొమ్మన్నారు



ట్రస్టుల మీద రాస్తున్న ఈ వరుసలో ఇప్పటిదాకా ఆస్తులు ఎలా చేతులు మారతాయో చెప్పుకున్నాం. ఈసారి కోర్టు గడప దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. యూనివర్సిటీ పిల్లలు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, ట్రస్టీలు పట్టపగలు భూమి తినేస్తుంటే హైకోర్టు వినకుండానే ఎందుకు కొట్టేస్తుంది?"

కొట్టేసే ఆర్డరు చాలాసార్లు ఒకటి రెండు పేజీలు దాటదు. అందులో అసలు మాట ఒక్కటే. పిటిషనర్లకు చట్టంలో వేరే మార్గం ఉంది, అక్కడికి వెళ్లవచ్చు. లాయర్లు దీన్ని ఆల్టర్నేటివ్ రెమెడీ అంటారు. పింఛను కోసం మండలాఫీసుకు పోయిన ప్రతి ముసలమ్మకూ ఈ మాట ఇంకో రూపంలో తెలుసు: "ఇక్కడ కాదమ్మా, ఆ కిటికీ దగ్గరికి పో."

ముందు ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. 226వ అధికరణ కింద హైకోర్టుకున్న రిట్ అధికారానికి ఈ అడ్డు ఈనాటి రాజ్యాంగంలో ఎక్కడా రాసి లేదు. ఒకప్పుడు రాశారు. ఎమర్జెన్సీలో, 1976లో, 42వ సవరణ తెచ్చి, వేరే మార్గం ఉంటే కొన్ని రకాల పిటిషన్లను హైకోర్టు తీసుకోనే కూడదని అందులోకి ఎక్కించారు. 1978 నాటి 44వ సవరణ దాన్ని తీసి పారేసింది. ఇప్పుడు మిగిలింది జడ్జీలు తమకు తాము గీసుకున్న గీత. 1998లో వర్ల్‌పూల్ కేసులో సుప్రీంకోర్టు ఆ గీత ఎప్పుడు వర్తించదో కూడా చెప్పింది. ప్రాథమిక హక్కు అమలు కావాలన్నప్పుడు, సహజ న్యాయ సూత్రాలను తుంగలో తొక్కినప్పుడు, అధికారం లేనివాడు ఉత్తర్వు ఇచ్చినప్పుడు, చట్టం చెల్లుబాటునే ప్రశ్నించినప్పుడు. కాబట్టి "రిట్ వేయకూడదు" అని మీ లాయరు అన్నాడంటే సగమే చెప్పాడన్నమాట.

ఇక మనవాళ్లకు నచ్చని మాట. ట్రస్టు గొడవల్లో ఈ గీతకు కొంత అర్థం ఉంది. రిట్ నడిచేది అఫిడవిట్ల మీద. సంతకం ఎవరిది, తీర్మానం నిజంగా జరిగిందా, అద్దె డబ్బు ఎవరి జేబులోకి పోయింది, ఇవి తేలాలంటే సాక్షిని బోనెక్కించాలి, లెక్కల పుస్తకం తెప్పించాలి. పైగా ప్రైవేటు ట్రస్టు ప్రభుత్వం కాదు. దాని మీద రిట్ వేయొచ్చా అన్న తగువే ఏళ్ల తరబడి సాగుతుంది. రిట్ వేసిన రోజు కోర్టు ముందు ఫొటో దిగి సంబరం చేసుకునే అలవాటు మన ఉద్యమాల్లో బాగా పెరిగింది. కొట్టేసిన రోజు ఫొటో ఉండదు.

సరే, ఆ "వేరే దారి" ఏమిటి? పబ్లిక్ ట్రస్టుకు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 92వ సెక్షన్. ట్రస్టీని తీసేయమని, లెక్కలు చెప్పించమని, ట్రస్టు నడపడానికి కొత్త స్కీము రాయమని జిల్లా కోర్టును అడగొచ్చు. కాగితం మీద చూస్తే గొప్ప ఆయుధం. కానీ అడ్వకేట్ జనరల్ అయినా వేయాలి, లేదా ఆ ట్రస్టుతో సంబంధం ఉన్న కనీసం ఇద్దరు మనుషులు ముందుకు రావాలి. ఆ ఇద్దరూ ముందు కోర్టు అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి ఇచ్చే ముందు మామూలుగా అవతలివాళ్లకు నోటీసు ఇవ్వాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే కేసు ఇంకా కేసు కాకముందే ట్రస్టీ చేతికి కబురు అందుతుంది.

ఆ ఇద్దరి సంగతి మీద కొంచెం ఆగుతాను. మా జిల్లాలో ఒక హాస్టల్ ఉంది, పేరు రాయను. మాల మాదిగ పిల్లల చదువు కోసం ఎవరో పుణ్యాత్ములు ఇచ్చిన స్థలం. రోడ్డు వైపు షాపులు లేచాయి, వెనక హాస్టల్ "రిపేర్ల కోసం" మూతపడింది. అక్కడ చదివిన పాత విద్యార్థులు వేసిన రిట్ అడ్మిషన్ దశలోనే పోయింది. సరే, జిల్లా కోర్టుకు పోదాం, సంతకాలు పెట్టేదెవరు అని కూర్చున్నాం. ఒకాయన తమ్ముడికి అదే వరసలో టైలరింగ్ షాపు. ఇంకొకాయన కూతురు ఆ ట్రస్టీ బావమరిది స్కూల్లో టీచరు. ఒకామె ధైర్యంగా సంతకం పెట్టింది, ఆమె కూలిపని చేస్తుంది. ప్రతి వాయిదాకూ ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ వేరే. రెండో సంతకం దొరకడానికి ఐదు నెలలు పట్టింది. ట్రస్టు డీడ్ నకలు కోసం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగింది వేరే కథ. ఈలోగా ఇంకో రెండు షట్టర్లు లేచాయి.

చట్టం దృష్టిలో ఈ ఊళ్లో దారి ఉంది. కోర్టులు "ఫలితమిచ్చే ప్రత్యామ్నాయం" అని మొత్తం మాట వాడతాయి. కొట్టేసేటప్పుడు "ప్రత్యామ్నాయం" ఒక్కటే చూస్తాయి. ఫలితం ఇస్తుందా, ఎవరికి ఇస్తుంది, ఎన్నాళ్లకు ఇస్తుంది అన్నది అడగడం లేదు. నా అభ్యంతరం అక్కడ.

మన సంఘాల గొడవలదీ ఇదే దారి. అంబేడ్కర్ భవనాలు, యువజన సంఘాలు, మనవాళ్లు నడిపే చర్చి సొసైటీలు చాలా వరకు ట్రస్టులు కావు, సొసైటీలు. వాటికి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ ఉంది. ఆర్బిట్రేషన్ లేదా జిల్లా కోర్టు. రిజిస్ట్రారు మీద రిట్ వేసి, ఎవరు అసలు కమిటీయో తేల్చమంటే హైకోర్టు ఈ సెక్షన్ చూపించి పంపిస్తుంది. ఇక్కడ కోర్టును తిట్టను. సభ్యుల రిజిస్టరు సరిగా రాసుకోని సంఘాన్ని ఏ జడ్జీ కాపాడతాడు?

ఇంతవరకు చిన్న సంస్థల మాట. ప్రభుత్వమే చట్టం చేసి పాలన ఎవరిదో నిర్ణయించిన చోట? బుద్ధగయ చూడండి. 1949 నాటి బిహార్ చట్టం ప్రకారం మహాబోధి ఆలయ కమిటీలో నలుగురు బౌద్ధులు, నలుగురు హిందువులు, జిల్లా మేజిస్ట్రేట్ అధ్యక్షుడు. ఆ అధికారి హిందువు కాకపోతే ఒక హిందువునే అధ్యక్షుడిగా పెట్టాలన్న నిబంధన 2013 దాకా ఉంది. ఆలయ వాడకం మీద హిందువులకు, బౌద్ధులకు తగువొస్తే రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయమే అంతిమం. కమిటీని వేసేదీ ఆ ప్రభుత్వమే. ఈ చట్టాన్ని సవాలు చేస్తూ సురై ససాయి తదితరులు 2012లో సుప్రీంకోర్టుకు వెళ్తే, 2025 నాటికీ తేలలేదు. 2025 జూన్ 30న మహారాష్ట్ర మాజీ మంత్రి సులేఖా కుంభారే పిటిషన్‌ను సుప్రీంకోర్టు తీసుకోలేదు. హైకోర్టుకు వెళ్లమంది.

హైకోర్టు ఈ చట్టాన్ని కొట్టేయగలదు, నిజమే. కానీ ఆమె వెళ్లింది 32వ అధికరణ కింద. రాజ్యాంగానికి ఆత్మ, గుండె అని బాబాసాహెబ్ 1948 డిసెంబరు 9న చెప్పింది ఈ అధికరణ గురించే. 1950లో క్రాస్‌రోడ్స్ పత్రికను మద్రాసు ప్రభుత్వం నిషేధిస్తే రొమేశ్ థాపర్ నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ముందు హైకోర్టుకు పోవాల్సింది అని ప్రభుత్వం అడ్డుపడింది. కోర్టు ఒప్పుకోలేదు. 32 కింద తమ దగ్గరికి రావడమే హక్కు అంది. 1987కు వచ్చేసరికి, పి.ఎన్. కుమార్ కేసులో, పెండింగ్ కేసుల భారం చూపించి ముందు హైకోర్టుకు పొమ్మంది. రాజ్యాంగంలో అక్షరం మారలేదు. ఫైళ్ల గుట్ట పెరిగింది, అంతే.

లా చదివే పిల్లలకు ఒక పని చెబుతాను. రిట్ పోయేటట్టు ఉందని కోర్టు హాల్లోనే అర్థమవుతుంది. అప్పుడు మీ సీనియర్‌ను గోకండి: కొట్టేస్తే కొట్టేయండి, జిల్లా కోర్టుకు వెళ్లేదాకా కొన్ని వారాలు యథాతథ స్థితి కొనసాగేలా ఉత్తర్వు ఇవ్వండి అని అడగమని చెప్పండి. కొందరు జడ్జీలు ఇస్తారు. అడగనివాడికి ఎవరూ ఇవ్వరు. ఏ ఫోరానికి వెళ్లాలో ఆర్డరులో పేరు పెట్టి రాయించుకోండి. చిత్తశుద్ధితో తప్పు కోర్టులో గడిపిన కాలాన్ని లిమిటేషన్ చట్టం 14వ సెక్షన్ మినహాయిస్తుంది, ఆ తేదీలు జాగ్రత్త చేయండి. ఇంకొకటి మన వాడల్లో చాలామందికి తెలియదు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ ఆఫీసు ఉంటుంది.

మా హాస్టల్ కేసులో అనుమతి పిటిషన్ మీద నోటీసులు వెళ్లాయి. ఆ కూలామె పేరు మొదటి పిటిషనర్‌గా ఉంది. వాయిదా రోజున ఆమె పక్కన కూర్చోవడానికి ఇద్దరు విద్యార్థులు కావాలి. రాగలిగినవాళ్లు నాకు చెప్పండి.