గొఱ్ఱెల దాణా: తవుడు, చెక్క, పొట్టు

ఊరగాయలను గూర్చి మిగిలిన మాట ఈ నెల వ్రాయుదుమని చెప్పియుంటిమి. దానిని వచ్చు నెలకు ఉంచుచున్నాము. సోదరీమణులు మన్నింతురు గాక. మా చేతి మీదుగా జరిగిన ఒక అపకారమును ముందు చెప్పుకొనవలసి యున్నది.

మేముండునది అనంతపురము జిల్లాలోని యొక చిన్న యూరు. మా వీధి చివర నొక వితంతువు పది గొఱ్ఱెలను పెంచుచు, వాని మీదనే కుమార్తెను కళాశాలలో చదివించుచున్నది. మొన్న వైశాఖమున మా యింట శుభకార్యమైన మఱునాడు రెండు గంపల అన్నము మిగిలెను. అన్నము పాఱవేయరాదని చిన్ననాటినుండి చదువుకొన్నవారము గదా! ఆమెను పిలిచి, గొఱ్ఱెలకు పెట్టుమని మేమే యిచ్చితిమి. ఆమె సంతోషముతో తీసికొని పోయెను. తెల్లవాఱునప్పటికి మూడు గొఱ్ఱెలు కడుపుబ్బి, పండ్లు కొఱుకుచు, లేవలేక పడియుండెను. పశువైద్యుడు వచ్చులోపలనే ఒకటి పోయెను. సాయంకాలమునకు చూలుతోనున్న మఱియొకటి పోయెను. మూడవదానికి వంటసోడా నీటిలో కలిపి త్రాగించి, సూదిమందు లిచ్చి బ్రతికించిరి. మేము తల వంచుకొని నిలిచియుండగా ఆమెయే మమ్ము ఓదార్చినది: "ఊరుకోండమ్మా, మీరు పెట్టింది అన్నమే గదా, విషం గాదు గదా!"

ఆ అన్నమే విషమైన తీరును వైద్యుడు చెప్పగా, ఆ రాత్రి మా వారు పలకమీద బొమ్మ గీచి మాకు బోధపఱచిరి. గొఱ్ఱె పొట్టలో నాలుగు అరలుండును. మొదటి పెద్ద అరలో కంటికి కానరాని సూక్ష్మజీవులు కోట్లకొలది నివసించును. గడ్డిలోని పీచును విడగొట్టునవి అవియే. బియ్యము, నూకలు, జొన్నలు, అన్నము వంటి పిండిపదార్థము ఒక్కమాఱుగా మెండుగా పడినచో, దానిని పులియబెట్టు జీవులు మాత్రమే విజృంభించి అరయంతయు ఆమ్లముతో నింపును. గడ్డిని అరిగించునవి చచ్చును. ఒంటిలోని నీరు పొట్టలోనికి లాగబడును. ఆమ్లము నెత్తుటి కెక్కును. ఒకటి రెండు దినములలో ప్రాణము పోవును. జీవము ఇష్టముగా తినుచున్నదని మురియుట యెంత పొరపాటో అప్పుడు తెలిసినది.

అట్లని మిల్లులోను గానుగలోను మిగులునవి గొఱ్ఱెలకు పనికిరావని కాదు. సరిగా పెట్టినచో అవియే వానికి బలము. మా జిల్లాలో కాయ కోసికొన్న తరువాత మిగులు వేరుసెనగ కట్టె మంచి మేత. దానిని వానకు తడియనీయక వామివేసికొనవలెను. నూనె తీయగా మిగిలిన వేరుసెనగ చెక్కలో నూటికి 40 వంతులకు పైగా మాంసకృత్తు లుండును. కంది, సెనగ, మినుముల పొట్టును మన యిండ్లలో చెఱిగి వీధిలో పోయుదుము. అది గొఱ్ఱెకు రుచియు, పుష్టియు. తవుడు మంచిదే గాని అందులో నూనె యుండుటచే కొలదిదినములలోనే కంపుగొట్టును. కావున తాజాగా తెచ్చుకొనవలెను. ఊకలో మాత్రము బలమేమియు లేదు. దానిని తవుటిలో కలిపి యమ్మువారును గలరు; అరచేత నలిపి చూచినచో గరగరలాడును.

పెద్ద గొఱ్ఱెకు మేపుతో బాటు దినమునకు 200 నుండి 250 గ్రాముల దాణా చాలును. మొదటి దినము గుప్పెడు మాత్రమే పెట్టి, రెండు వారములలో మెల్లగా పెంచవలెను. పొట్టలోని జీవులు క్రొత్తదానికి అలవాటుపడుటకు అంత కాల మగును. బలమైన గొఱ్ఱె బలహీనమైనదాని పాలు కూడ తినివేయును గావున తొట్లు విడివిడిగా నుండుట మేలు. గొఱ్ఱె చూలు సుమారు 5 నెలలు. కడుపులోని పిల్ల చాలవఱకు చివరి రెండు నెలలలోనే పెరుగును గనుక, ఆ కాలమున దాణా మానరాదు.

బూజు పట్టిన వేరుసెనగ చెక్కను ఎంత చౌకగా వచ్చినను ముట్టరాదు. 1960లో ఇంగ్లండులో బ్రెజిలు దేశపు వేరుసెనగ పిండి తిని లక్షకొలది టర్కీ కోళ్లు చచ్చినవి. ఆ బూజు విడుచు విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరిడిరి. పాడియావు తిన్నచో ఆ విషము పాలలోనికి దిగి మన బిడ్డల గ్లాసు వఱకు వచ్చును. పత్తిగింజల చెక్క పెద్దవానికి మితముగా సరిపడును, పాలు త్రాగు పిల్లలకు కూడదు. ఆముదపు చెక్క మాత్రము పొలమునకు ఎరువే. దానిలోని విషము జీవములను చంపును. చూచుటకు చెక్కలన్నియు ఒక్కతీరుగానే యుండును గనుక వేఱు వేఱు గదులలో దాచుడు.

పోయిన గొఱ్ఱెల వెల యిచ్చుటకు పోతిమి, ఆమె పుచ్చుకొనలేదు. ఎట్టకేలకు ఒక ఆడుపిల్లను కొని తెచ్చి ఆమె దొడ్డిలో కట్టి వచ్చితిమి. మా యింటి కందిపొట్టు ఇప్పుడు వీధిపాలు గాక దినమొక్క గుప్పెడు అటు పోవుచున్నది.