అమ్మ కొత్త ఫోన్‌లో ఎఫ్ఎం లేదు, తప్పు నాదే

పోయిన నెల అమ్మకి కొత్త ఫోన్ కొన్నాను. అమోలెడ్ స్క్రీన్, 5జీ, 120 హెర్ట్జ్, అన్నీ చూసే తీసుకున్నా. మూడో రోజు పొద్దున్నే వంటింట్లోంచి కేక, "ఒరేయ్, ఇందులో రేడియో ఎక్కడుందిరా?" లేదు. స్పెక్స్‌లో ఆ ఒక్క లైన్ నేను చూడనే లేదు.

పాతది బడ్జెట్ ఫోన్. దానికి ఒకవైపు మాత్రమే పనిచేసే ఇయర్‌ఫోన్స్ గుచ్చి, వైరు కిటికీ ఊచకి చుట్టి, స్పీకర్‌లో 102.8 పెట్టుకునేది. హైదరాబాద్ వివిధ భారతి. పోపు వేస్తుంటే పాట వినపడదు, చిటపటలు తగ్గాక మళ్లీ వినిపిస్తుంది. మధ్యలో పోయిన చరణం గురించి ఎవరికీ బాధ లేదు. పక్క గదిలో ఆఫీస్ కాల్ మ్యూట్‌లో పెట్టి నేనూ చాలా పాటలు అలాగే విన్నా.

యాప్ వేసివ్వచ్చు కదా అంటారు. వేశా. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి స్టేషన్లు వస్తాయి, యాప్ మంచిదే. కానీ మా వైఫై వంటింటి దాకా సరిగా అందదు, కరెంటు పోతే అసలే ఉండదు. పోనీ అని నా మ్యూజిక్ యాప్ ఇస్తే, "ఏం పాట కావాలని నన్నడుగుతోందిరా. నాకేం తెలుసు, వాళ్లు వేస్తే వింటా" అంది. నిజమే. నేనూ కంచం ముందు పెట్టుకుని ఏం వినాలా అని వెతుకుతూ సగం అన్నం తినేస్తుంటా.

అసలు ఎఫ్ఎం ఎందుకు పోయింది? 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. దానికి కాస్త పొడవైన యాంటెన్నా కావాలి, ఇయర్‌ఫోన్ వైరే ఆ పని చేసేది. జాక్ తీసేశారు, యాంటెన్నా పోయింది. బ్లూటూత్ బడ్స్‌కి వైరే లేదు. కొన్ని ఫోన్లలో అయితే చిప్‌లో రిసీవర్ ఉన్నా ఆన్ చేయకుండా వదిలేస్తారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

2023లో కేంద్ర ఐటీ శాఖ, ఉన్న ఎఫ్ఎంని ఆపొద్దు, లేకపోతే పెట్టండి అని ఫోన్ తయారీదారుల సంఘాలకి చెప్పింది. కానీ అది సలహానే, రూల్ కాదు. విపత్తుల్లో రేడియో అవసరమన్నది అందులో ఒక కారణం. 2014లో హుద్‌హుద్ తుఫానప్పుడు విశాఖలో ఫోన్లు మూగబోయిన సంగతి అక్కడివాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఎఫ్ఎంకి సెల్ టవర్‌తో పనిలేదు, సిమ్‌తో కూడా పనిలేదు.

కెమెరా శాంపిల్స్‌కి పేజీలు రాసే మనం, రివ్యూలో "ఎఫ్ఎం ఉంది" లేదా "లేదు" అని ఒక్క ముక్క రాయలేమా? ముఖ్యంగా పదిహేను వేల లోపు ఫోన్లకి. అవి ఎక్కువగా కొనేది అమ్మానాన్నల కోసమే కదా.

అమ్మ పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పోయింది. డ్రాయర్ వెతికితే తమ్ముడిది ఒకటి దొరికింది. స్క్రీన్ పగిలింది, సిమ్ లేదు, జాక్ మాత్రం ఉంది. ఇప్పుడు కిటికీ దగ్గర అదే మోగుతోంది.