డిస్కు సైజు విషయంలో సర్వర్ నిజం చెప్పాలి

ఆఫీసుల్లో ఫైల్ సర్వర్లు, బ్యాకప్‌లు చూసుకోవడం నా ఉద్యోగం. కొత్త సర్వర్‌కు టెండర్ పిలిచినప్పుడు ఎన్ని టెరాబైట్లు, ఎన్నేళ్ల వారంటీ అని అడుగుతారు. డిస్కు సెక్టార్ సైజును ఆ సర్వర్ నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లకు ఉన్నదున్నట్టు చెబుతుందా అని మాత్రం అడగరు. తప్పకుండా అడగాలంటాను.

సెక్టార్ అంటే డిస్కు ఒక విడతలో రాసే కనీస ముక్క. దశాబ్దాల పాటు అది 512 బైట్లే. 2011 ప్రాంతంలో హార్డ్ డిస్కుల తయారీదారులు 4096 బైట్లకు మారారు. పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని చాలా డిస్కులు లోపల 4096 ఉన్నా, పైకి 512 అనే చెబుతాయి.

చిక్కంతా డేటాబేస్ దగ్గర వస్తుంది. అది ప్రతి లావాదేవీనీ ముందు లాగ్‌లో రాస్తుంది. సెక్టార్ 512 అని నమ్మితే 512 బైట్లే పంపుతుంది. డిస్కు మాత్రం 4096 బైట్లూ చదివి, ఎనిమిదో వంతు మార్చి, మొత్తం తిరగరాయాలి. పని మందగిస్తుంది. అది సర్దుకోవచ్చు. కానీ ఆ క్షణంలో కరెంటు పోతే, భద్రంగా రాసేశామనుకున్న పక్క ఏడు ముక్కలూ పాడయ్యే ప్రమాదముంది. వాటిలో డబ్బు కట్టి రసీదు తీసుకెళ్లిన మనిషి పద్దు ఉండొచ్చు.

డిస్కు డేటాబేస్ నడిచే మిషన్‌లోనే ఉంటే ఆపరేటింగ్ సిస్టమ్ సెక్టార్ సైజును దాన్నే అడుగుతుంది. డేటాబేస్ ఫైళ్లు నెట్‌వర్క్ షేర్ మీదుంటే ఫైల్ సర్వర్ మాటే ఆధారం. రెయిడ్, క్యాష్, ఫైల్ సిస్టమ్ పొరల వెనక ఏముందో క్లయింటు కంప్యూటర్‌కు కనబడదు కదా. అందుకే 2012లో వచ్చిన విండోస్ 8, విండోస్ సర్వర్ 2012 నుంచి నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ ప్రోటోకాల్‌లో ఈ ప్రశ్నకు విడివిడి జవాబులు పెట్టారు: పైకి చెప్పే లాజికల్ సైజు, మధ్యలో తెగకుండా రాయగల సైజు, వేగానికి అనువైన సైజు. ఇంత వీలున్నా అన్నిచోట్లా 512 అని నింపేసే సర్వర్లను చూశాను.

నిజం చెబితే సాఫ్ట్‌వేర్ మొరాయిస్తుందని కొందరి అభ్యంతరం. అది నిరాధారం కాదు. విండోస్ 11లో కొన్ని ఎన్‌వీఎంఈ డిస్కులు 4096 కన్నా పెద్ద సైజు చెప్పడంతో ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ అసలు మొదలే కాలేదు. అయినా నా మాట మారదు. మొదలుకాని డేటాబేస్‌ను అప్పటికప్పుడు గమనించి సరిచేస్తాం. చెడిన లాగ్ సంగతి మాత్రం దానితో అవసరం పడ్డ రోజునే తెలుస్తుంది. పైగా 512 మాత్రమే తెలిసిన ప్రోగ్రాముల కోసం లాజికల్ సైజు ఎలాగూ వేరుగా ఉంది.

కాబట్టి టెండర్లలో రెండు షరతులు చేర్చాలి. తెగకుండా రాయగల సైజు ఎంతో అమ్మేవారు రాతపూర్వకంగా చెప్పాలి. బిల్లు చెల్లించేముందు, క్లయింటుకు సర్వర్ ఇస్తున్న జవాబు దానితో సరిపోతోందో మన ఇంజనీర్లు పరీక్షించాలి. సరిపోకపోతే బిల్లు ఆపాలి.